తాలింపు పడ్డ గంజు

కాదమ్మా, నేను బజారుకు పోయి కవర్లు తెచ్చేలోపల పొయ్యి మీదున్న గంజుల తాలింపు ఎందుకేసినవ్? ఎవరడిగిన్రు నిన్ను?

ఊకో, ఏడ్వకు. నేనేం అరుస్తలేను. అర్వనీకి ఓపిక గూడ లేదు.

ఎన్నిమాట్ల చెప్పిన? అది కుక్కల తిండి. కంగ్టి నుంచి తెచ్చిన జొన్నపిండి, కోడి కార్జం, గుమ్మడికాయ. గంతే. ఉప్పొద్దు, కారమొద్దు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ అయితే అసలే వద్దు, కుక్కలకది విషమని ఫోన్ల చూసి నేర్చుకున్నదంతా నీకు చెప్పిన. "ఊ, ఊ" అన్నవ్!

ఏందీ? సప్పటి తిండి రోగమొచ్చినోళ్లకే పెడ్తరా? నోరులేని జీవమని పాపమనిపించిందా? నిజమేలే. మన టైగర్‌గాడు గూడ సప్పటిది వాసన చూసి మొకం తిప్పుకుంటుండె. ఇయ్యాల నేనొచ్చేసరికి గంజు చుట్టే తిరుగుతుండు. తోక ఊపుడే ఊపుడు! నా చెయ్యి కుదిరిందనుకున్న, పిచ్చిదాన్ని. మూత తీస్తే ఎల్లిగడ్డ గుప్పుమన్నది. వాన్ని గుంజుకపోయి అవతల కట్టేసొచ్చిన.

గది హైదరాబాద్ దుకాణానికి పోయేదమ్మా. మొదటి ఆర్డర్. ఇయ్యాల బిస్కట్లు ఒత్తి కాల్చి, రేపు పొద్దుగాల ఖేడ్ బస్టాండ్ల బస్సుకెయ్యాలె. మళ్ల వండుదమంటే కార్జం యాడిది? శివరాజ్ కోళ్ల దుకాణంల ఉన్నదంతా ఊడ్చుకొస్తిమి.

పొద్దుగాల మొగులప్ప మామ నన్నేమన్నడు? "ఏందే సుమిత్రా, మీ ఇంట్ల కుక్కలకు పెండ్లా, గంత పెద్ద గంజు ఎక్కించిన్రు?" ఇగ ఊరంతా చెప్పుకుంట నవ్వుతడు. నవ్వనీ.

ఏమంటున్నవ్? ఎవరికి తెలుస్తది, పంపియ్యమంటవా? వద్దమ్మా. ఎవరో బిడ్డ లెక్క సాదుకుంటున్న కుక్క. దానికేమన్న అయితే?

ఇందాక నేను వాకిట్లకు పోయింది గందుకే. ఆ దుకాణపాయనకు ఫోన్ చేసి చెప్పేసిన, తాలింపు పడ్డది, పంపలేనని. ఆయన తిట్టలే. "సరేమ్మా, వేరేవాళ్లను చూసుకుంట" అన్నడు. తిట్టినా మంచిగుండు.

నిన్నేం అనాలె? కవర్ల మీద ఏం రాయించిన్నో ఎర్కనా? ఇగో, చదువుత, విను. 'మా అమ్మ చేతి వంట.' మంచిగ అమ్ముడుపోతదని నేనే రాయించిన. వండేది నేను, పేరు నీది. నువ్వేమో నిజంగనే వండితివి.

పొద్దట్నించి ఏం తినలే. పారబోద్దమని గంజు దించి, ఒక్క ముద్ద నోట్లేసుకున్న.

మస్తుగున్నదమ్మా. గదే నా బాధ.

రెండు కంచాలు తే. ఇయ్యాల కూర వండకు.