ఆడవాళ్ళ వైపు కూర్చున్న నా కొడుకు

అయ్యగారికీ, సంఘ పెద్దలకూ, గుడివాడ నుంచి వచ్చిన బంధువులకూ, చిలకలపూడి గిల్టు నగల పనివాళ్ళకూ వందనాలు. నేను జీవరత్నాన్ని, హనోకు తల్లిని. నాలుగో తరగతితో ఆగిపోయినదాన్ని, తప్పులుంటే మన్నించండి. కొడుకు సంతాప సభలో తల్లి మాట్లాడవలసి రావడం కంటే పెద్ద తప్పేముందండీ?

నా కోడలు లీలావతికి మతిమరుపు జబ్బు వచ్చి ఆరేళ్ళు. ఈ ఆరేళ్ళూ హనోకు గిల్టు నగల కొట్టుకు వెళ్ళడం మానేసి, గొలుసులు అతికే పని ఇంటికే తెచ్చుకున్నాడు. చేతులు పని మీద, కళ్ళు ఆమె మీద.

మన చర్చిలో మగవాళ్ళొక వైపు, ఆడవాళ్ళొక వైపు కదా. ఒక ఆదివారం లీల ప్రార్థన మధ్యలో లేచి రోడ్డు మీదకు వెళ్ళిపోయింది. మరుసటి ఆదివారం నుంచి వాడు ఆడవాళ్ళ వైపే, ఆమె పక్కన చాప మీద కూర్చున్నాడు. నవ్వారు. వాళ్ళనేం అంటాను, నేనే తిట్టాను. "చీర కూడా కట్టుకోకపోయావా?" అన్నాను. "ఏ రంగుదిస్తావమ్మా?" అని నవ్వేశాడు. ఆమెకు జడ నాకంటే నున్నగా వేసేవాడండీ నా కొడుకు!

ఎప్పుడో పోయిన తన నాన్న ఏడీ అని ఆమె రోజూ అడిగేది. "నందివాడలో బస్సెక్కాడంట, ముద్ద తిను" అనేవాడు. అబద్ధాలేంట్రా అంటే, "నిజం చెబితే దానికి రోజూ నాన్న పోయినట్టేనమ్మా" అన్నాడు. నాకప్పుడు ఎక్కలేదు.

మొన్న ఎక్కింది. వాడు గుండె ఆగి పోయిన రోజు మీరంతా ప్రేమతోనే వచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఆమెను పట్టుకుని "మీ ఆయన పోయాడే" అని ఏడ్చారు. మొదట చెప్పింది నేనే. ఆమె ప్రతిసారీ కొత్తగా విన్నది. ప్రతిసారీ కొత్తగా గుండెలు బాదుకుంది. ఒక్క రోజులో ఆమె మొగుణ్ణి ఎన్నిసార్లు చంపామండీ?

అందుకే అడుగుతున్నాను. పలకరించడానికి రండి. పక్కన కూర్చోండి. ఆ మాట మాత్రం చెప్పకండి. ఏడీ అంటే, గొలుసులు ఇచ్చి రావడానికి వెళ్ళాడనండి. పాపమైతే దేవుడు నన్నే అడుగుతాడు.

ఈ మాటలు వినకూడదనే ఆమెను వరండాలో పక్కింటి పిల్ల నవ్యశ్రీ దగ్గర కూర్చోబెట్టాను. ఇప్పుడు లోపలికి తెస్తాను. వాడి కోసం రెండు నిమిషాలు మౌనంగా నిలబడే హక్కు ముందు ఆమెది. మౌనంగా ఉండాలని ఆమెకు తెలియదు, మధ్యలో ఆయనేడీ అని పైకే అడుగుతుంది. ఎవరూ ఉష్ అనకండి. ఎవరూ ఏడవకండి. చెప్పవలసింది నేను చెబుతాను.

లేవండి.