ఏకీభవిస్తారా? కారణాలు రాయండి

(పరీక్ష కేంద్రం గేటు బయట, సిమెంటు బల్ల మీద భార్యాభర్తలు. గేటు ఇంకా తియ్యలేదు.)

"మళ్ళీ అదే రాశావు."

"ఏదండీ?"

"అదే. 'ఏకీభవిస్తాను.' పొద్దుట్నుంచీ ఎన్ని ప్రశ్నలిచ్చానో అన్నిటికీ ఏకీభవించావు."

"కారణాలు కూడా రాశానండీ."

"ఏం కారణం? 'ఎందుకనగా ఇది సరిగ్గానే ఉన్నట్టున్నది.' ఇదొక కారణమా?"

"ఉన్నట్టే ఉంది కదండీ."

"ఇటు చూడు. మిగతా పేపర్లన్నీ ఫస్టు క్లాసు. చరిత్ర పుస్తకం కామాలతో సహా బట్టీ పట్టావు. ఈ ఒక్కటే, ఈ విమర్శనాత్మక ఆలోచన, ఇదే రెండుసార్లు తప్పావు. ఇవాళ ఆఖరి అవకాశం. ఇవాళ కూడా తప్పితే?"

"డిగ్రీ రాదు."

"రాకపోతే?"

"స్కూలు లైబ్రరీలో పర్మనెంటు చెయ్యరు. నెలాఖరుకి తీసేస్తారు. తెలుసండీ."

"తెలిసి కూడా ఇలా కూర్చున్నావంటే... భయం ఉండాలి మనిషికి."

"ఉందండీ. పొద్దుట్నుంచీ ఆ పని మీదే ఉన్నాను."

"భయం ఒక్కటే చాలదు, బుర్ర కూడా కదలాలి. సరే, మళ్ళీ మొదట్నుంచి. చరిత్రలోంచి ఒకటి. 'ఒక రాజు తన పాలనలో ప్రజలందరూ సుఖసంతోషాలతో ఉన్నారని శాసనం వేయించాడు. కాబట్టి ఆ కాలంలో ప్రజలు సుఖంగా ఉన్నారు. ఏకీభవిస్తారా?'"

"రాతి మీద వేయించాడాండీ?"

"రాతి మీదే."

"రాతి మీదంటే బోలెడు పని. ఏం లేకుండా ఊరికే చెక్కించరు కదా."

"అంటే?"

"ఏకీభవిస్తాను."

"చెక్కించింది ఎవరే?"

"రాజుగారు."

"ఎవరి గురించి?"

"రాజుగారి గురించే."

"మరి? గొప్పలు చెప్పుకున్నాడేమో అని అనుమానం రాలేదా?"

"వచ్చిందండీ. కానీ పోయినాయన. ఇప్పుడు మనం వెళ్ళి ఏమనగలం."

"నువ్వు వెళ్ళక్కర్లేదు. రాస్తే చాలు. సరే, వదిలెయ్. జీవశాస్త్రం. 'ఒక మొక్కకి రోజూ వేణువు వినిపించారు. నెల తిరిగేసరికి అది జానెడు పెరిగింది. కాబట్టి సంగీతం వల్ల మొక్కలు పెరుగుతాయి.'"

"ఏకీభవిస్తాను."

"నీళ్ళు కూడా పోసుంటారు కదా?"

"పోశారని ప్రశ్నలో లేదండీ. లేనిపోనివి మనం ఎలా కల్పిస్తాం?"

"నీళ్ళు పొయ్యకుండా మొక్క బతుకుతుందా?"

"వాళ్ళింటి సంగతి మనకెందుకండీ."

"అమ్మా. తల్లీ. అడిగిందే వాళ్ళింటి సంగతి. పక్కన ఇంకో మొక్క పెట్టాలి. దానికి నీళ్ళు పొయ్యాలి, వేణువు వినిపించకూడదు. అప్పుడు రెండూ పోల్చాలి. అర్థమైందా?"

"పాపం, ఆ రెండో మొక్క... అర్థమైందండీ. అలా చూడకండి. ఇంకోటి అడగండి."

"గణాంకాలు. 'గొడుగులు ఎక్కువగా అమ్ముడైన నెలల్లోనే జలుబులు కూడా ఎక్కువగా వచ్చాయి. కాబట్టి జలుబుకి కారణం గొడుగు.' నువ్వేం చెప్పకు, నేనే చెప్తాను. రెండిటి వెనకా ఉన్న మూడో కారణం వెతకాలి. ఇక్కడ మూడోది ఏంటంటే, చలి. చలికాలం కాబట్టి."

"వాన కదండీ?"

"ఏంటి?"

"గొడుగులు కొనేది వానకి కదా అని."

"నాకు తెలీదా? ఒక మనిషి చెప్తుంటే మధ్యలో కాదనడం ఏం అలవాటు?"

"మీరే కదా కాదనమన్నారు."

"పేపర్ని కాదనమన్నాను. నన్ను కాదు."

"సరేనండీ. చలే."

"వానేలే."

"వానే."

"ఊ. తెలుగు. 'ఒకే పద్యంలో దుఃఖం ఉందని ఒక విమర్శకుడూ, హాస్యం ఉందని మరో విమర్శకుడూ అన్నారు. మీరు ఎవరితో ఏకీభవిస్తారు?'"

"ఇద్దరితోనూ."

"ఒకరితోనే ఏకీభవించాలి."

"రెండో ఆయన ఏమనుకుంటాడండీ?"

"ఆయనకి నువ్వెవరో తెలీదు. పేపరు దిద్దేవాడికీ తెలీదు. పేపరు మీద నీ పేరు కూడా ఉండదు, నంబరే ఉంటుంది. ఇంతకన్నా క్షేమంగా ఈ ప్రపంచంలో ఎవర్నీ కాదనలేవు. ఎందుకే నీకు ఇంత మొహమాటం?"

"పేపరు ఇచ్చినాయన చదువుకున్నవాడు. అంత కష్టపడి ఒక వాక్యం రాసి, చివర్న 'ఏకీభవిస్తారా' అని మర్యాదగా అడుగుతున్నాడు. మొహం మీదే కాదంటే బాగుంటుందాండీ?"

"అందుకా? రెండుసార్లూ తప్పింది అందుకా?"

"నాకు అలాగే వినిపిస్తుందండీ. 'కాఫీ తీసుకుంటారా' అన్నట్టు."

"ఆంటీ, ఎక్స్‌ట్రా పెన్ను ఉందా? నమస్తే అంకుల్."

"ఇదిగోమ్మా. నీలం సిరా పర్లేదా? ఏమండీ, ఈ అమ్మాయి మా బ్యాచే. తనకీ ఇదొక్కటే మిగిలింది."

"చూడమ్మా, నువ్వు చెప్పు మీ ఆంటీకి. ఈ ప్రశ్నలకి నువ్వేం రాస్తావు?"

"నేను అన్నిటికీ 'ఏకీభవించను' అని రాస్తాను అంకుల్."

"విన్నావా? చూసి నేర్చుకో. ఎంతొచ్చాయమ్మా పోయినసారి?"

"సున్నా అంకుల్."

"సున్నానా?"

"కారణాలు రాయలేదని వేశారు. మా ఇంట్లో ఎవరూ కారణాలు అడగరు, నేను వద్దంటే వద్దంతే. వస్తా ఆంటీ, అక్కడ మావాళ్ళున్నారు."

"మంచి పిల్లండీ."

"పెన్ను తిరిగిస్తుందా?"

"ఇస్తుందనే అనుకుంటున్నాను."

"చూశావా, అదీ ఆధారం లేకుండా నమ్మావు. సరే, విను. వేరే దారిలో వెళ్దాం. నేను పచ్చి అబద్ధాలు చెప్తాను. నువ్వు కాదను. అంతే. గొంతు అలవాటు పడాలి. ఎదురుగా ఆ గోడ ఉంది కదా. అది ఎర్ర గోడ."

"ఏదండీ?"

"అదే, ఆ తెల్ల గోడ. అది ఎర్రగా ఉంది."

"సాయంత్రం ఎండ పడినప్పుడు అలాగే ఉంటుందేమోలెండి."

"నాకు బట్టతల లేదు."

"అంటే... ముందు నుంచి చూస్తే ఉన్నట్టు ఉండదు."

"నేను ఈ మధ్య సన్నబడ్డాను."

"చొక్కాలు బిగుతైనందువల్ల తెలీట్లేదు."

"మీ అన్నయ్య పిసినారి. పిసినారి అంటే మామూలు పిసినారి కాదు, మనం వెళ్తే ఫ్యాను కట్టేసి కిటికీ తెరుస్తాడు. ఇప్పుడైనా అను."

"కొంతవరకు నిజమేనండీ."

"పుట్టింటివాళ్ళని అంటే కూడా రోషం రాదా? పోనీ, నేను నీ జీతంతో ఆ మసాజు కుర్చీ కొన్నప్పుడు నీకు నచ్చిందా?"

"బాగుందన్నాను కదా."

"మనసులో?"

"మనసులో వద్దన్నాను."

"మరి బయటికి అనొచ్చుగా?"

"కుర్చీ లిఫ్టులో పట్టక డెలివరీ వాళ్ళు నాలుగంతస్తులు మోసుకొచ్చి ఆయాసపడుతున్నారండీ. వాళ్ళ ముందేం అంటాను."

"అయిపోయింది. ఇంక నావల్ల కాదు. కరెంటాఫీసులో ఇన్నేళ్ళు బిల్లుల కౌంటర్లో కూర్చున్నాను. వచ్చిన ప్రతివాడూ నాతో విభేదించాడు. చదువురానివాడు కూడా కారణాలతో సహా విభేదించాడు. నా పెళ్ళానికి మాత్రం నేర్పలేకపోయాను."

"నిజమేనండీ, పాపం. మీరు బాగానే చెప్తున్నారు."

"దానికి కూడా ఏకీభవించు."

"ఏమండీ, కోప్పడకండి. నాకు ఈ ఉద్యోగం కావాలి. మీకు సరదాగా ఉందేమో, నాకు లేదు. ఆ లైబ్రరీలో నేను ఒక మాట చెప్తే పిల్లలు వింటారు. 'మాట్లాడొద్దు' అంటే మాట్లాడరు. ఇంకెక్కడా నాకు అలా లేదు. అది పోతే నేను... నాకు తెలీదు ఏం చేస్తానో. అందుకే పేపరు చూడగానే చెయ్యి దానంతటదే 'ఏ' అని రాసేస్తుంది. ఆ తర్వాత ఏం రాసినా 'ఏకీభవిస్తాను' అయిపోతుంది."

"'ఏకీభవించను' కూడా 'ఏ'తోనే మొదలవుతుంది."

"సగం దాకా ధైర్యంగానే వెళ్తున్నానండీ. 'భవి' దగ్గర జారిపోతున్నాను."

"నాకు మాత్రం సరదాగా ఉందనుకుంటున్నావా? తలుపు మీద ఇత్తడి బోర్డు పెట్టించాను. నీ పేరు పక్కన డిగ్రీ కూడా చెక్కించాను."

"పాసవకముందే ఎందుకు చెక్కించారండీ?"

"తర్వాత వేరేగా చెక్కితే అక్షరాలు కలవవన్నాడు. ఇప్పుడు నువ్వు తప్పినప్పుడల్లా ఆ డిగ్రీ మీద స్టిక్కరు అంటించడం, పరీక్ష దగ్గరపడ్డప్పుడు పీకడం. జిగురు మచ్చ పడిపోయింది. కింద ఫ్లాటాయన నిన్న లిఫ్టులో అడిగాడు, 'ఈసారి స్టిక్కరు పీకారే, నమ్మకమేనా' అని. ఏం చెప్పను?"

"ఏం చెప్పారు?"

"మా ఫ్లోరు రాకముందే దిగిపోయాను."

"నావల్లేనండీ ఇదంతా."

"పోనీలే. ఏడవకు. జనం చూస్తున్నారు. పోతే పోయిందిలే ఉద్యోగం. ఇంట్లో ఉండు హాయిగా. ఇంట్లో నీకేం తక్కువ? ఇన్నేళ్ళలో నిన్ను ఒక్క మాటన్నానా? మనింట్లో గొడవన్నది ఎవరైనా విన్నారా? మనంత సుఖంగా ఉన్నవాళ్ళు ఆ అపార్టుమెంట్లోనే లేరు."

"ఇది ప్రశ్నాండీ?"

"ఏది?"

"ఇప్పుడు మీరన్నది."

"ప్రశ్నేంటి, మామూలు మాట. ఓదారుస్తున్నాను."

"ప్రశ్నయితే రాయడానికి ఉందని అడిగాను."

"...ఉంటే చెప్పు. పర్లేదు. చెప్పు."

"నొచ్చుకోరు కదా?"

"పేపరు అనుకో. నాకు పేరు లేదు, నంబరే ఉంది."

"'మనింట్లో గొడవలు లేవు, కాబట్టి సుఖంగా ఉన్నాం.' అంతే కదండీ వాక్యం?"

"అంతే."

"చెప్పినవాళ్ళు మీరు. చెప్పింది మీ ఇంటి గురించి. ఇంట్లో ఉన్నది ఇద్దరు. రెండోవాళ్ళని అడగలేదు."

"ఊ."

"'నీకేం తక్కువ' అన్నారు. తక్కువో ఎక్కువో తెలియాలంటే కొలవాలి. ఎవరు కొలిచారు, దేంతో కొలిచారు, అది చెప్పలేదు. 'ఒక్క మాటన్నానా' అన్నారు. ఇందాక గొడుగు దగ్గర నన్ను ఒక మాట అన్నాకే ఇలా అన్నారు."

"అది మాటనడం కాదు, అది..."

"నన్ను పూర్తి చెయ్యనివ్వండి."

"...చెయ్యి."

"ఇంక అసలుది. గొడవలు లేకపోవడానికి సుఖం ఒక కారణం అయ్యుండొచ్చు. ఇద్దర్లో ఒకళ్ళు నోరు మూసుకోవడం కూడా అయ్యుండొచ్చు. బయట నుంచి చూసేవాళ్ళకి రెండూ ఒకలాగే కనపడతాయి. ఏది నిజమో తేలాలంటే, ఆ ఒకళ్ళు ఒకసారి నోరు తెరవాలి. తెరిచాక కూడా గొడవ రాకపోతే అప్పుడు సుఖం అని రాయొచ్చు. అప్పటిదాకా ఆధారం చాలదు. అందువల్ల..."

"అందువల్ల?"

"ఏకీభవించను."

"..."

"ఏమండీ, ఏదో ఒకటి అనండి. నేను ఊరికే అభ్యాసం కోసం..."

"నీళ్ళ సీసా ఇటివ్వు."

"ఇదిగో."

"'భవి' దగ్గర జారలేదు."

"అవునండీ. నాకూ ఆశ్చర్యంగానే ఉంది."

"కారణాలు చెప్పావు. రెండో కారణం వెతికావు. ఎలా పరీక్షించాలో కూడా చెప్పావు. నేను చెప్పినదానికన్నా... సరే. ఇదే రాయి. రాజుకైనా మొక్కకైనా ఇదే పద్ధతి."

"మీకు బాధ కలిగిందాండీ?"

"పేపరుకి బాధేంటి."

"మీకు."

"ఉంటే ఇంటికెళ్ళాక చూసుకుంటాను. ముందు నువ్వు పాసవ్వు."

"పాసవుతానంటారా?"

"అవుతావు. ఈసారి నేను ఆధారంతో చెప్తున్నాను."

"ఆంటీ, గేటు తీశారు. హాల్ టికెట్లు చేత్తో పట్టుకోమంటున్నారు."

"వస్తున్నానమ్మా. ఏమండీ, ఇంకొక్కటి చెప్పాలి."

"లోపలికెళ్ళు ముందు. సాయంత్రం చెబుదువుగాని."

"సాయంత్రానికి నాకీ ధైర్యం ఉంటుందో లేదో. పర్మనెంటు చేస్తామన్నారు కదా, ఇక్కడ ఖాళీ లేదటండీ. వేరే ఊళ్ళో వాళ్ళదే ఇంకో స్కూల్లో ఇస్తారట. రాత్రి రైలెక్కితే పొద్దున్నకి. సరేనా అని అడిగారు."

"నువ్వేమన్నావు?"

"సరేనన్నాను."

"ఎవరడిగినా సరేనంటావుగా. మొహమాటానికి అన్నావు కదా?"

"మొహమాటంతో అన్న 'సరే' ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసండీ. ఇది అది కాదు. క్వార్టరు కూడా ఇస్తారు."

"క్వార్టరు ఇస్తే ఇంకేం, ఈమాత్రం దానికి ఏదోలా మొహం పెట్టావు. నేనూ బదిలీ పెట్టుకుంటాను. ఆ ఊళ్ళో కరెంటాఫీసు ఉండకపోదు. బోర్డు విప్పి అక్కడ బిగిద్దాం. కుర్చీ తీసుకెళ్ళడమే కొంచెం కష్టం."

"చెల్లెలింటికని చెప్పి మొన్న నేను వెళ్ళింది ఆ ఊరికే. ఆ క్వార్టరంటే ఒక్క గది, అందులో ఒక్క మనిషి మంచమే పడుతుందండీ, కొలిచొచ్చాను."