మా అన్న తాగలేదు

ఏందీ, ఏమన్నావూ? ఇంకోసారి అను. ఆ ఫోను అవతల పెట్టి, నా మొహం చూసి అను. నా చిన్న విమానానికి ఏ ఇంజను కొనాలి నాయనమ్మా అని అడుగు, చెప్తా. అంతేగానీ "తాగి విమానం కూల్చిన తాతకి తెలిసుండేదిలే" అంటావా? ఎవరు చెప్పార్రా నీకు? టీకొట్టు దగ్గరా? ఏ టీకొట్టు? హైవే మీద టైర్ల షాపు పక్కనదేగా! వాడి నోట్లో మన్నుపడ. వాడు పుట్టకముందు జరిగిన సంగతి, వాడు చూసినట్టే చెప్తాడు. కూర్చో షానవాజ్. ఆ మిరపకాయల గంప ఇటు జరుపు. చేతులు ఖాళీగా పెట్టుకుని వినకు, తొడిమలు తీస్తా విను.

నాగూర్ వలి నా తోడబుట్టినోడు. నాకంటే పెద్దోడు. మా వదిన కాన్పులో పోయాక మళ్ళీ పెళ్ళి చేసుకోలా, మాతోనే ఉన్నాడు. పేటలో పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లులో ఫిట్టరు. మనం దూదేకులోళ్ళం, మీ ముత్తాత విల్లు పట్టుకుని ఊరూరా తిరిగి దూదేకాడు, ఈయన మిషను దగ్గర నిలబడ్డాడు. అదీ తేడా. ఆ మిల్లు మోత నీకు తెలీదు. గేటు బయటున్నా గుండెలు అదిరేవి. ఇంటికొచ్చి కూడా అరిచే మాట్లాడేవాడు. మంచినీళ్ళు ఇవ్వమ్మా అంటే వీధి చివర ముసలమ్మకి వినపడేది. మిల్లోళ్ళంతా అంతేలే అనుకునేవాళ్ళం. ఆయనకి మాంసం ఉంటే ముద్ద దిగేది, లేకపోతే కంచం ముందు అలిగి కూర్చునేవాడు... సరే, అది వద్దులే. తాగుడంటావా, పెళ్ళిళ్ళలో పక్కనోడు తాగొచ్చి కూర్చుంటే ఈయన ఆకు ముందు నుంచి లేచిపోయేవాడు. ఆ మనిషిని పట్టుకుని తాగుబోతంటారా, నా కొడకల్లారా.

విమానాల పిచ్చి ఎట్టా అంటుకుందంటే, నల్లపాడులో ప్రభు గారని ఉండేవారు. రైల్వేలో చేసి రిటైరయ్యారు. ఆదివారం చర్చికెళ్ళొచ్చి, అన్నం తిని, పొలాల్లో రిమోటుతో చిన్న విమానాలు ఎగరేసేవారు. మా అన్న ఏదో స్పేరు పార్టు కోసం గుంటూరు పోయి, అది చూసి, పార్టు సంగతే మర్చిపోయాడు. మిల్లులో చీవాట్లు తిన్నాడు. తర్వాత మా వసారా అంతా కర్రపుల్లలే. అడుగుపెడితే జిగురు. రెండు రెక్కల విమానం, కింద ఒక జత, పైన ఒక జత. రెక్కలకి నా పట్టు ఓణీ చింపి అతికించాడు. అడగలా కూడా! నేనప్పుడూ తిట్టా, ఇప్పుడూ తిడతా.

ఇంజను దగ్గరకొచ్చేసరికి ప్రభు గారు రెండు తెచ్చి మా అరుగు మీద పెట్టారు. ఒకటి టూ స్ట్రోకు, ఒకటి ఫోర్ స్ట్రోకు. "వలీ, టూ స్ట్రోకు తేలిగ్గా ఉంటుంది, గొడవలేదు, గిర్రున తిరుగుతుంది. ఇది బరువు, లోపల వాల్వులూ గట్రా ఉంటాయి, సేవ చెయ్యాలి. నీ ఇష్టం" అన్నారాయన. మా అన్న రెండూ స్టార్ట్ చేయించాడు. వాటిల్లో పోసేది ఆముదం కలిపిన స్పిరిట్టు, ఇల్లంతా ఆ కంపే. కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత బరువుదాని మీద చెయ్యేశాడు. "దీనికి రెక్కలెక్కువ, మధ్యలో కర్రలు, తీగలు. గాలి అంతా పట్టేసుకుంటుంది. దీనికి పరుగు కాదండీ, లాగుడు కావాలి. పెద్ద ఫ్యాను నిదానంగా తిరగాలి. ఎట్టాగూ మూతి పొట్టిది, తూకం కుదరాలంటే ముందర సీసం ముక్కలు పెట్టాల్సిందే. ఆ బరువేదో ఇంజనే మోస్తుంది" అన్నాడు. ప్రభు గారు ఒప్పుకున్నారు. ఆయన లేచెళ్ళాక నాతో అసలు సంగతి చెప్పాడు. "అమ్మాయ్, నాకు దూరం కనపట్టంలేదు. షుగరు కళ్ళకి పట్టింది. గుంటూరులో డాక్టరు చెప్పాడు, ఇంక రాదన్నాడు. ఈ ఇంజను పైకెక్కేటప్పుడు గొంతు బరువుగా ఉంటుంది, దిగేటప్పుడు మెత్తబడుతుంది. చెవితో పట్టుకుంటా. ఆ రెండోది ఎక్కినా దిగినా ఒకటే కీచు" అన్నాడు. మరి మానెయ్యి అన్నా. వినలా. ఊరి బయట, మనిషి లేనిచోట ఎగరేస్తాలే అన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా. పత్తి పీకేసిన చేలల్లో, నన్ను పక్కన నిలబెట్టుకుని ఎగరేసేవాడు. ఎంత బాగుండేదిరా! పైన తాపీగా, పెద్దమనిషి నడిచినట్టు పోయేది.

ఇక ఆ శివరామకృష్ణ. మిల్లు ఓనరు అల్లుడు. వాడి పేరెత్తితేనే ఒళ్ళు మండుద్ది నాకు. ఎండలేకపోయినా నల్లద్దాలు, కార్లో కుక్క. మిల్లు పెట్టిన రోజని పెద్ద ఫంక్షను చేస్తా, "ఏమయ్యా వలీ, నీ విమానం మా స్టేజీ మీద ఎగరాలయ్యా" అన్నాడు. సరేనండీ అని ఓ రోజు స్టార్ట్ చేసి చూపిస్తే, పకపకా నవ్వాడంట. "ఇదేం మోతయ్యా, పిండిమర లాగా! గెస్టులొస్తారు, నా పరువు తీస్తావా? నా దగ్గర రేసు ఇంజనుంది, టూ స్ట్రోకు. అది పెట్టు. రయ్యిమని పోవాలి" అన్నాడు. మా అన్న చెప్పాడు, ఈ విమానానికి అది పనికిరాదండీ అని. రెక్కలు, గాలి, లాగుడు, అన్నీ విడమరిచి చెప్పాడు. "నాకు నువ్వు చెప్తావా?" అన్నాడు వాడు. అంతే. అక్కడితో అయిపోయింది. ఇంజను ఏది పెట్టాలో విమానం చేసినోడు చెప్పకూడదంట, మిల్లు ఉన్నోడు చెప్పాలంట!

నేను మొత్తుకున్నా. అన్నా, కళ్ళ సంగతి చెప్పెయ్యి, లేదంటే జ్వరమని పడుకో అన్నా. "తిరిగే బెల్టుల మధ్య పనిచేసేవాడికి కళ్ళు లేవని తెలిస్తే గేటు లోపలికి రానిస్తారా? చెల్లెలింట్లో కూర్చుని తినమంటావా?" అన్నాడు. తింటే ఏం? నేను పెట్టనన్నానా? ఈ మగోళ్ళ పౌరుషాలు మండా! అన్నం పెట్టే చెయ్యి ఇక్కడుంటే ఆ గేటు పట్టుకుని వేలాడతాడు. నాకు ఆయన మీద కూడా కోపమేరా, ఏమనుకున్నావు? పోయినోడని వదిలిపెడతానా?

ఫంక్షను రోజు నేనూ పోయా. షామియానా, మైకు, పాటలు. యార్డులో ఓ పక్కన పత్తి కుప్పలు, తాటాకు పందిరంత ఎత్తు. ఆ రేసు ఇంజను పెట్టారు, అది తేలికని మూతికి సీసం కట్టారు. కీచుమంది. లేచింది. అమ్మో, ఎంత స్పీడు! ఆ రెక్కలు వణకటం కింద నుంచి నాకే కనపడింది. జనం ఈలలు. ఓ చుట్టు తిరిగింది. ఎండకెదురుగా పోయింది. అప్పుడు మా అన్న వైపు చూశా. విమానం పడమటుంటే ఆయన తూర్పు దిక్కు చూస్తన్నాడు. ఒరేయ్, ఆ మొహం... మైకులో ఎవడో పాట పెంచాడు. అన్నా, అటు కాదు, నీ వెనక, వెనక అని అరుస్తా పరిగెత్తా. అది సీదా పోయి పత్తికుప్పలో దిగింది. కాగిపోయిన ఇంజను, స్పిరిట్టు, దూది. భగ్గుమంది.

మనుషులకేం కాలా, అల్లా దయ. బిందెలు, బకెట్లు, ట్యాంకరు, అందరం పడి ఆర్పాం. కుప్ప మాత్రం బూడిదయ్యింది. ఆ శివరామకృష్ణ తెల్ల ప్యాంటు మసి చేసుకుని వచ్చి, అందరి ముందూ, "ఏరా, తాగొచ్చావా?" అన్నాడు. ఏరా అంట! వాడి కంటే అంత పెద్దోడిని! నేను నోరు తెరిచా. మా అన్న నా మణికట్టు పట్టుకున్నాడు, ఎముక నొప్పెట్టేట్టు. తల దించుకుని, "అవునండి" అన్నాడు.

విన్నావా? అవునండి అన్నాడు.

ఆ నిమిషం నుంచి ఈ రోజు దాకా అదే పేరు. పనిలోంచి తీసేశారు. మసీదు దగ్గర పెద్దోళ్ళు పిలిచి అడిగినా నోరిప్పలా. ఇంటికొచ్చాక నేను గిన్నెలు విసిరేశా. ఎందుకట్టా అన్నావు, ఎందుకూ అని. నింపాదిగా చెప్పాడు. "తాగేవాడికి ఇంకో మిల్లులో పని ఇస్తారమ్మా. గుడ్డోడికి ఇవ్వరు." నిజమే అయ్యింది. పర్చూరు దోవలో ఓ మిల్లాయన "డ్యూటీలో మాత్రం తాగమాకయ్యా" అని నవ్వి తీసుకున్నాడు. చెప్పొద్దని నాతో ఒట్టేయించుకున్నాడు. మీ నాన్నకి కూడా చెప్పలా నేను. ఇప్పుడు చెప్తన్నా. ఆయన ఒట్టూ వద్దు, ఏమీ వద్దు. మనవడు కూడా తాగుబోతంటా ఉంటే ఇంకా ఎవరికోసం దాచిపెట్టాలి?

ఆ పని కూడా కొన్నాళ్ళే చేశాడు. బెల్టు తిరుగుతుందో ఆగుందో కనపడని రోజున, తనంతట తనే తాళాలిచ్చేసి వచ్చాడు. పక్కనోడి చెయ్యి పోకముందే మానుకున్నా అన్నాడు. తర్వాత ఇదిగో, ఇక్కడే, ఈ అరుగు మీదే కూర్చునేవాడు. మాట తగ్గిపోయింది. నేను పిలిస్తే ఒక్కోసారి పలికేవాడు కాదు. అలిగాడేమో అనుకునేదాన్ని.

ప్రభు గారికి సంగతి ఎట్టా తెలిసిందో ఏమో, బస్సెక్కి వచ్చారు. మనిషి వంగిపోయారప్పటికి. ఆయనే రెండు రెక్కల విమానం కొత్తది కట్టి తెచ్చారు. మా అటక మీద ఉన్న ఫోర్ స్ట్రోకు దింపి, కడిగి, బిగించారు. "వలీ, నేను పైకి తీసుకెళ్తా, పైన నీ చేతికిస్తా. నువ్వు చెవితో తిప్పు" అన్నారు. ముగ్గురం చేలోకి పోయాం. మనిషి మేకా లేనిచోటు. లేపారు. ఆ గొంతు వినంగానే నాకు ఏడుపొచ్చింది. టక్కు టక్కు టక్కుమంటా, బరువుగా ఎక్కింది. రిమోటు మా అన్న చేతిలో పెట్టారు. మొహం పైకెత్తి నిలబడ్డాడు, నవ్వుమొహంతో. ఎన్నాళ్ళకి చూశానో ఆ నవ్వు. విమానం ఓ చుట్టు తిరిగి మా మీదకొచ్చింది. సరిగ్గా నెత్తిమీద. ఆ మోతకి నా చెవులు దిమ్మెక్కినయ్.

మా అన్న నా వైపు తిరిగాడు. "అనీసా, ఇంజను ఆగిపోయిందా?" అన్నాడు.

ప్రభు గారు మెల్లిగా ఆయన చేతిలోంచి రిమోటు తీసుకున్నారు.

ఏందా చూపు? లే. అటు చూడు, పడమట మబ్బేసింది. కల్లంలో కాయ తడిసిపోద్ది. ఆ పట్టా అందుకో, నడు, నడువ్!