రుసుం కట్టని సందేహాలు

గాజు కొట్టు వెనక గది, మిట్టమధ్యాహ్నం. గాజు కోసి చేపల తొట్టెలు అతికించే బావ, చేపలు పెంచుకునే వాళ్ళందరి కోసం ఆన్‌లైన్‌లో ఒక ఫోరం కూడా నడుపుతున్నాడు. దానికి మోడరేటరు ఆయన బావమరిది. ఫోను పట్టుకుని స్టూలు అంచున కూర్చున్నాడు, ఏ క్షణమైనా లేచి పోయేవాడిలా. ముందు కౌంటరు దగ్గర బావ భార్య, అంటే ఇతని అక్క.

"సున్నానా?"

"సున్నా, బావా."

"సరిగ్గా చూడరా. పేజీ కిందికి లాగు."

"లాగడానికి ఏమైనా ఉంటే కదా! 'అమ్మకాలు, కొనుగోళ్ళు' అని తలకాయ ఉంది. దాని కింద నీ నోటీసు. దాని కింద తెల్లగోడ. ప్రకటన పెట్టాలంటే రుసుం కట్టాలన్నావు, ప్రకటనలే మానేశారు."

"మానేశారంటే మంచిదేగా. అంటే ఎవరూ ఏమీ అమ్మట్లేదు. ఒక రకంగా నేను గెలిచినట్టే."

"గెలవడమేంటి బావా? అసలు రుసుం పెట్టింది డబ్బు రావడానికా, రాకపోవడానికా?"

"ఆ సిలికాన్ ట్యూబు ఇటివ్వు."

"అడిగిందానికి చెప్పు."

"ఇవ్వరా ముందు, గాజు జారుతోంది."

"ఇదిగో. ఏం సంబరపడకు. అమ్మకాలు ఆగలేదు, పక్క గదిలోకి మారాయంతే. 'సందేహాలు' విభాగం చూశావా?"

"చూడకేం, కళకళలాడిపోతోంది. ఎప్పుడూ లేనిది, పొద్దున లేస్తే సందేహాలే సందేహాలు. మనవాళ్ళకి నేర్చుకోవాలన్న తపన పెరిగిందిరా అని మురిసిపోయా."

"తపనా? చదువుతా విను. 'ఒక చిన్న సందేహం. రెండడుగుల తొట్టె, గాలి పంపు, అడుగున రంగురాళ్ళు, అన్నీ కలిపి రెండు వేలకి వేరే ఇంటికి వెళ్ళిపోతే చేపలు బెంగ పెట్టుకుంటాయా?'"

"పాపం, చేపలంటే ఎంత ప్రేమ లేకపోతే..."

"కింద జవాబు. 'రెండు వేలకైతే పెట్టుకుంటాయి. పదిహేనొందలకైతే పెట్టుకోవు.'"

"ఆఁ?"

"దాని కింద, 'పదిహేడొందలకైతే కొంచెం బెంగపడి సర్దుకుంటాయి.' దాని కింద ఇద్దరి ఫోను నంబర్లు."

"దొంగ వెధవలు!"

"వాళ్ళిద్దరి మధ్యలో ఇంకొకాయన దూరాడు బావా. పాపం, సంగతి తెలీక నిజంగానే చేపల బెంగ గురించి పేజీ నిండా రాశాడు. ఏయే చేప ఎన్నాళ్ళు అన్నం మానేస్తుంది, నీళ్ళు ఎలా అలవాటు చెయ్యాలి, అన్నీ వివరంగా. ఎవరీ అమాయకుడు అని పేరు చూస్తే..."

"ఆ చాల్లే."

"నువ్వే."

"తెలిసిందిలేరా. అందరూ చూశారా?"

"అందరూ దండం పెట్టే బొమ్మలు పెట్టారు. కొంతమంది పక్కన నవ్వే బొమ్మలు కూడా."

"నాకు ముందు దండాలే కనిపించాయి. పోనీ, సంతాపాల విభాగమన్నా శుభ్రంగా ఉందా? చేప పోయినవాడు ఏడుస్తూ రాసుకునే చోటు అది."

"అక్కడ మన పళ్ళ డాక్టరుగారు ఏడుస్తున్నాడు. 'మా బంగారు చేప నిన్న కన్నుమూసింది. అది నివసించిన మూడడుగుల గృహం ఖాళీగా ఉంది. ఎక్కడా గీతలు లేవు, కారడం లేదు. మా దుఃఖంలో పాలుపంచుకోదలచినవారు సాయంత్రం ఫోను చెయ్యగలరు.'"

"నేను చేశానురా!"

"ఏం చేశావు?"

"ఫోను! ఓదారుద్దామని. నేను 'ధైర్యంగా ఉండండి' అంటే ఆయన 'ధైర్యం సంగతి సరే, ఎంతకి తీసుకుంటారు' అన్నాడు. దుఃఖంలో ఏదో మాట్లాడుతున్నాడనుకుని పెట్టేశా."

"ఏమండీ, క్యారేజీ విప్పి ఎంతసేపైంది? ఇద్దరూ కలిసి ఎవరి కొంప ముంచుతున్నారు?"

"మాదేనక్కా. ఫోరంది."

"ఇంకా అదేనా! తమ్ముడూ, నువ్వన్నా చెప్పు. ఆ కౌంటరు దగ్గర కూర్చుని నేను అద్దం కొనడానికి వచ్చినవాళ్ళకి సమాధానం చెప్పాలా, మీ టోల్‌గేటు ఇదేనా అని అడిగేవాళ్ళకి చెప్పాలా?"

"టోల్‌గేటా? అది నీదాకా వచ్చిందా?"

"ఈయన పేరు పక్కన అదే రాస్తున్నారటగా."

"రాస్తే రాయనీ. టోల్‌గేటైతే కనీసం డబ్బు వస్తుంది. నాది ఉట్టి గేటు. అది కూడా పొలం మధ్యలో పాతినట్టుంది, అందరూ చుట్టూ తిరిగి పోతున్నారు."

"మరి తీసెయ్యి బావా."

"తియ్యను. సర్వరు అద్దె ఎవడు కడతాడు?"

"నేను కడుతున్నాను కదండీ, నా కార్డుతో. పెరగలేదు, తరగలేదు. ఎప్పుడైనా మిమ్మల్ని అడిగానా?"

"అక్కా, నువ్వొకసారి ఇలా కూర్చో. బావా, ఇప్పుడు చెప్పు. అద్దె కాదు."

"క్రమశిక్షణ కోసం."

"క్రమశిక్షణ! సరే, ఇంకొకటి చెప్పు. ఫోరం ఉన్నది ఆన్‌లైన్‌లో. రుసుం మాత్రం చేత్తో కట్టాలి. అదీ కొట్టుకే వచ్చి. అదీ ప్రకటన పెట్టే మనిషే స్వయంగా రావాలి, వేరేవాళ్ళతో పంపకూడదు. ఇలాంటి రూలు భూమ్మీద ఏ అడ్మినైనా పెట్టాడా?"

"ఆన్‌లైన్‌లో మోసాలు ఎక్కువయ్యాయిరా."

"రెండు టీల ఖరీదుకి మోసమా?"

"మరి మొన్న వచ్చిన బ్యాంకు క్యాషియరు సంగతి చెప్పారా వాడికి?"

"ష్..."

"ఏంటండీ ష్? తమ్ముడూ, ఆయన ఒక్కడే బుద్ధిమంతుడిలా రుసుం కడదామని వచ్చాడు. చిల్లర జేబులో పెట్టుకుని మరీ వచ్చాడు. ఈయన కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఎందుకమ్ముతున్నావు, ఏం కష్టమొచ్చింది, ఇంట్లో ఎవరేమన్నారు అని పిల్ల సంబంధం మాట్లాడినట్టు అడిగారు. చివరికి తేలిందేంటయ్యా అంటే పంపు చప్పుడుకి ఆయన భార్యకి నిద్ర పట్టట్లేదట."

"తర్వాత?"

"చప్పుడు చెయ్యని పంపు కొత్తది, డబ్బాలోంచి తీసి చేతిలో పెట్టారు. రెండు చేపల్ని సంచిలో పోసిచ్చారు. ఆటో దాకా సాగనంపారు. రుసుం ఇవ్వబోతే వద్దన్నారు."

"బోణీ బేరం కదా అని."

"బేరమెక్కడుందండీ అందులో! రుసుం పెట్టాక మనకొచ్చింది సున్నా, పోయింది పంపు. ఇంకో నలుగురు రుసుం కట్టడానికొస్తే కొట్టు మూసుకోవాలి."

"అయితే రుసుం డబ్బు కోసం కాదు. బావా, అమ్మేవాళ్ళు నీ ఎదురుగా వచ్చి కూర్చోవాలని. అంతేనా?"

"ఆ మూల నొక్కిపట్టుకోరా, అతుకుతున్నా."

"పట్టుకున్నా. అంతేనా?"

"ఒక రోజు ఏమీ తోచక ఆ అమ్మకాల పేజీ వెనక్కి వెనక్కి తిప్పుతూ పోయానురా. 'ఇల్లు మారుతున్నాం, తొట్టె అమ్మకానికి.' 'తీరిక ఉండట్లేదు, తొట్టె అమ్మకానికి.' 'పిల్లాడి చదువు, తొట్టె అమ్మకానికి.' తర్వాత ఒక్కొక్కరి పేరూ నొక్కి చూశా. అదే వాళ్ళ ఆఖరి మాట. తొట్టె అమ్మినవాడు ఒక్కడంటే ఒక్కడు మళ్ళీ రాలేదు. ఆ బస్సు డ్రైవరు గుర్తున్నాడా?"

"నీళ్ళు తెల్లబడే ఆయన?"

"ఆయనే. డ్యూటీ దిగగానే 'గురువుగారూ, నీళ్ళు పాలలా అయిపోయాయి, ఏం చెయ్యమంటారు' అని అడిగేవాడు. రోజూ. ఏ తొట్టెలోనైనా నీళ్ళు రోజూ తెల్లబడతాయట్రా? తెల్లబడకపోయినా అడిగేవాడు. నేనూ ప్రతిసారీ కొత్తగా విన్నట్టు చెప్పేవాణ్ణి. తొట్టె అమ్మేశాడు. ఇప్పుడు నేను ఆయన బస్సు ఎక్కినా నన్ను గుర్తుపట్టడు, ఎప్పుడూ చూసుకోలేదుగా."

"అందుకని గేటు పెట్టావు."

"పెట్టా. లోపలికి వచ్చేవాళ్ళు ఎలాగూ లేరు. బయటికి పోయే దారిలో పెట్టా. పోయేవాడు ఒక్క నిమిషమన్నా ఆగుతాడు, ఎందుకు పోతున్నావయ్యా అని ఒక మాట అడగొచ్చు అని. చెప్పుకుంటే నవ్వుతారు."

"నవ్వట్లేదు బావా."

"మీ అక్క నవ్వుతోంది."

"నవ్వు కాదులెండి, నా మొహమే అంత."

"నాకు దిగులుగా ఉంటుందిరా. మనుషులు లేక కాదు, మీ అక్క ఉంది..."

"ఉన్నాను. జ్ఞాపకం పెట్టుకున్నందుకు సంతోషం."

"...కానీ నీళ్ళ గురించి మాట్లాడేవాళ్ళు ఉండాలి కదా. ఇప్పుడు చూడు, నిజం సందేహం అడిగినవాడు ఒక్కడూ లేడు, అన్నీ దొంగ సందేహాలే. రోజూ రెండు మాటలు రాసేది నువ్వొక్కడివే. నువ్వున్నంతకాలం దీన్ని మూసెయ్యను. నువ్వూ పోయిన రోజు నేనే తాళం వేసేస్తా. ఏంటి, దగ్గుతున్నావు?"

"ఏం లేదు బావా. నేనొకటి..."

"మంచినీళ్ళు తాగు. తమ్ముడికి ఆ సీసా ఇవ్వు."

"వద్దక్కా. బావా, అసలు నేనివాళ వచ్చింది..."

"లంచి టైములో వచ్చావు, తినే పోవాలి. ఆఫీసులో ఏమైనా గొడవా?"

"లేదు. ఇంకొక సందేహం మిగిలింది. పొద్దున వచ్చింది. చదవనా?"

"మళ్ళీ ఏ చేపకి బెంగ? చదువు, అదీ అయిపోనీ."

"'ఒక సందేహం. నాది నాలుగడుగుల తొట్టె. అమ్మాలని లేదు. కానీ ఇంట్లో ఉన్నది ఒక్కటే గది, ఆ గదికి ఒక్కటే కిటికీ, ఆ కిటికీ కింద తొట్టె. ఇప్పుడు అక్కడ ఉయ్యాల పెట్టాలి. తొట్టె చేసిచ్చిన మనిషికి ఈ మాట ఎలా చెప్పాలో తెలియట్లేదు.'"

"వీడు అందరికంటే గడుసు. ధర రాయలేదా?"

"లేదు."

"ఫోను నంబరు?"

"లేదు."

"పేరేంటి?"

"'మొహమాటం' అని పెట్టుకున్నాడు. కొత్త ఖాతా."

"కొత్త సభ్యుడా! చూశావా, చూశావా, గేటు పెట్టినా లోపలికి వస్తున్నారు! రాయి, అడ్మిన్ జవాబు. 'మొహమాటం గారికి స్వాగతం. నాలుగడుగుల తొట్టె ఊరికే కదపకూడదు, అతుకులు విడతాయి. ఉయ్యాలదేముంది, ఎక్కడైనా పెట్టుకోవచ్చు...'"

"ఉయ్యాల ఎక్కడైనా పెట్టుకోవచ్చా! పసిబిడ్డకి గాలీ వెలుతురూ అక్కర్లేదా? ఆ ముక్క కొట్టెయ్యరా."

"సరే కొట్టెయ్యి. 'తొట్టె చేసిచ్చిన మనిషి ఏమనుకుంటాడోనని భయపడకండి. అంత పెద్ద తొట్టె చేశాడంటే మీరంటే ఇష్టం ఉండే చేసి ఉంటాడు. గాజు మందం చూస్తేనే తెలుస్తుంది...' అవునూ, ఈ చుట్టుపక్కల నాలుగడుగులది చేసేవాళ్ళు ఎవరున్నార్రా? నేను కూడా మొత్తం మీద ఒక్కటే చేశా. మీ పెళ్ళికి."

"ఊఁ, బావా."

"బామ్మర్దీ?"

"రాస్తున్నా బావా. 'ఒక్కటే చేశా, మీ పెళ్ళికి.' అది కూడా రాయనా?"

"ఒరేయ్! ఎన్నో నెలరా?"

"నాలుగోది, అక్కా."

"నాలుగా! ఇన్నాళ్ళూ నాకు చెప్పకుండా! మీ ఆవిడన్నా ఒక్క మాట అనలేదే!"

"నేనే ఆగమన్నా. ముందు బావకి తొట్టె సంగతి చెప్పి, తర్వాత అందరికీ చెబుదామని. రోజూ చెబుదామనే వస్తున్నా. రోజూ ఈయన 'నువ్వొక్కడివే' అంటాడు. ఇవాళ ఎలాగైనా చెప్పాలని రుసుం కూడా తెచ్చుకున్నా. ఇదిగో."

"లోపల పెట్టుకో వెధవా. ఏమండీ, కళ్ళు తుడుచుకుంటున్నారేం?"

"కంట్లో గాజు పొడి పడింది."

"పొద్దున్నుంచి మీరు గాజు కొయ్యనే లేదు."

"నిన్నటి పొడి."

"బావా, కోపమా? నేను ఫోరంలో ఉంటా. తొట్టె లేకపోయినా రోజూ రాస్తా, నీళ్ళు తెల్లబడ్డాయని."

"తొట్టె లేకపోవడమేంటి? కొట్టులో పెడదాం. ఇంట్లో పెట్టడానికి మీ అక్క ఒప్పుకోదు."

"నేనొప్పుకోనని ఎవరన్నారు? మీరు వంటగదిలో, స్టవ్వు పక్కన పెడితే తీసెయ్యమన్నా. హాల్లో పెట్టండి. బుడ్డోడు వచ్చినప్పుడు చూస్తాడు. బుడ్డదైనా సరే."

"ఉయ్యాల కొన్నార్రా?"

"ఇంకా లేదు."

"కొనకండి. నేను చేస్తా."

"మీరా! గాజుతోనా?"

"చెక్కతోనే."

"చెక్క పని మీకు ఎప్పుడొచ్చిందండీ?"

"రాదు. అందుకే... బామ్మర్దీ, రాసిందంతా కొట్టేసి కొత్తగా మొదలుపెట్టు. సందేహాల విభాగంలోనే. నా పేరుతోనే రాయి. 'గాజు తప్ప ఇంకేదీ ముట్టని ఒకడు చెక్క ఉయ్యాల చెయ్యాలనుకుంటున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలి? తెలిసినవాళ్ళు కొట్టుకి రండి. తొట్టె అమ్మేసినవాళ్ళూ రావచ్చు. టీ ఉంటుంది.' రాశావా?"

"రాశా. పంపనా?"

"ఆగు. చివర్న 'ఇది నిజంగానే సందేహం' అని పెట్టు. లేకపోతే ఎవడో ఒకడు పదిహేనొందలకిస్తావా అంటాడు."