గట్టు మీద చెంబు

ఎర్నమ్మకు అప్పుడు పంతొమ్మిదేళ్లు, నీళ్లకు పోయిన ప్రతిసారీ తోడిన మొదటి చెంబు గట్టు మీద పెట్టి, దారినపోయేవాళ్లు తాగుతారులే అని వచ్చేసేది. ఏ నూతి గట్టో తెలుసా? జీడితోట ఇవతల, మా గుమ్మంలోంచి కనపడే, కంప కొట్టి మూసేసిన నుయ్యి, మీరంతా చుట్టు తిరిగి పోతారే, అదే. దగ్గరికి జరగండి, నా గొంతు ఇదివరకులా లేదు.

ఎర్నమ్మ నాకు వదిన. మా అన్న అప్పలసూరి పెళ్లయిన ఏడాదికే పటాలంలో చేరి బర్మా సరిహద్దు కొండలకు పోయాడు. అక్కడ యుద్ధమంటే ఎదురెదురుగా నిలబడి కొట్టుకోవడమనుకున్నారా? నెలల తరబడి వాన, బురదలో దిగబడే కంచరగాడిదలు, వాటి మీద తూటాల పెట్టెలు, ఒక్క కొండ కోసం ఇటు వందమంది, అటు వందమంది చావడం. ఉత్తరం రాశాడు, చీకటి పడితే జపానువాళ్లు చెట్ల చాటునుంచి మన పేర్లే పెట్టి పిలుస్తారు, పలికినవాడు తెల్లారేసరికి ఉండడు, నేను పలకను కాబట్టి బతికున్నాను అని. మేస్టారు చదివితే ఊరంతా విన్నది. దెయ్యాలూ అంతేగా, అంది మా అమ్మ.

ఆ వానాకాలమే టెలిగ్రాం వచ్చింది, మనిషి జాడ లేదని. జాడ లేదంటే పోయినట్టేనని పెద్దలు తేల్చేసి, గడ్డిబొమ్మ చేసి తగలేసి, ఆ నూతి గట్టు మీదే వదిన గాజులు పగలగొట్టి, ఏడాది తిరిగేదాకా నువ్వీ గట్టు తొక్కకూడదన్నారు. మొగుడు ఎక్కడో పోతే ఇక్కడి నుయ్యి ఈమె తాకితే ఎలా మైలపడుతుందో నన్నడక్కండి. ఆ పెద్దల్ని ఎవరూ అడగలేదు.

మళ్లీ ఎండలొచ్చాయి. ఒకరోజు మిట్టమధ్యాహ్నం జీడితోటలోంచి జనం పరుగెత్తుకొచ్చారు, అప్పలసూరి వస్తున్నాడు, ఒళ్లంతా పసుపని. శవానికి పూసినట్టు పసుపు, కళ్లు కూడా పసుపే. ఊళ్లో తలుపులన్నీ పడ్డాయి. తలుపు సందులోంచి నేనూ చూశాను. నూతి గట్టు మీద చేత్తో తడుముతున్నాడు, ఏదో పెట్టి మరిచిపోయినవాడిలా. చెంబు కోసమని నాకప్పుడు తట్టలేదు. తర్వాత మా గుమ్మం ముందుకొచ్చి, "ఎర్నీ, దాహం" అన్నాడు.

వదిన లేచింది. మా అమ్మ ఆమె జుట్టు పట్టుకుని, పలికావంటే ఇంటిల్లిపాదినీ తీసుకుపోతాడే అంది. మరి నేనేం చేశాననుకున్నారు? తలుపుకు వీపు ఆనించి కూచున్నాను. చెక్క అవతల గోళ్లు గీరుకుంటున్నాయి, ఆ గీరుడు నా వెన్నుపూస మీదే తెలుస్తోంది.

"అది మీ అన్న గొంతే, లేవవే గుంటా" అంది వదిన.

నేను లేవలేదు. కాసేపటికి గీరుడు ఆగిపోయింది.

మర్నాడు నూతిలో తేలాడు. చేద లేదు, తాడు లేదు, ఒంగి అందుకోబోయి ఉంటాడు. నీళ్లకు ఒళ్లు ఉబ్బిపోయింది. దెయ్యానికి ఒళ్లు ఉబ్బుతుందా? తొమ్మిదో రోజున, ఆసుపత్రి నుంచి అతను ముందే రాసిన ఉత్తరం వచ్చింది. బతికే ఉన్నాను, వస్తున్నాను, మలేరియా బిళ్లలు మింగీ మింగీ పసుపు కొమ్మునయ్యాను, చూసి నవ్వకు అని.

దెయ్యం ఆ తర్వాత వచ్చింది. ఇప్పటికీ ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు అటు పోతే, గట్టు మీద ఎవరో చేత్తో తడుముతున్న చప్పుడు వినపడుతుంది. మా అమ్మ విన్నది, మళ్లీ నోరు తెరవకుండానే పోయింది. అటు పోకండి. దాహమడిగినా తలుపు తీయనివాళ్ల ఊరి మనుషుల్ని అతను పోల్చుకుంటాడు.

వదినా? ఆ ఉత్తరం విన్నరోజే మా ఇంటి తలుపు ఊడబెరికి, నరికి, పొయ్యిలో పెట్టింది. ఆ తర్వాత బతికిన ముప్పై ఏళ్లూ తలుపు లేని ఇంట్లోనే పడుకుంది.