మగ్గం తొక్కిన కాళ్లు

డెబ్బై తొమ్మిది ఎండాకాలం. జిల్లా సైకిల్ పందేలకు శిక్షణ నాలుగో రోజు. పెనుకొండ కొండదారి మలుపులో ధర్మవరం నేతగాడొకడు సైకిల్ దిగి కూలబడ్డాడు. శిక్షణ ఇచ్చే సారు వచ్చి సైకిల్ పట్టుకుని, నీళ్ల సీసా అందించాడు.

"ఇంగ నాతో కాదు సార్. మా ఊరికి పోతా."

"నాలుగు దినాలూ ఈడనే దిగినావు. కాళ్లలో బలం లేదా?"

"పదేండ్లు మగ్గం తొక్కిన కాళ్లు సార్ ఇవి!"

"అదేనప్పా తంటా. సైకిల్ గూడా మగ్గం మాదిరే తొక్కుతాండావు. ఒక కాలు తొక్కి ఆగుతావు, మళ్లా ఇంకో కాలు."

"ఆగల్ల కద సార్! కాలు ఆగితేనే దారం తీసుకోని నాడె పడుగు సందులో ఆ పక్కకు పోయేది."

"ఈడ నాడె యాడుండాది?"

"...లేదు సార్."

"మరి ఎవురి కోసరం ఆగుతాండావు? ఆగినప్పుడల్లా కొండ నిన్ను కిందికి గుంజుతాండాది."

"ఈ మాట మొదటి దినమే చెప్పకపోతిరే!"

"నాకేం తెలుసప్పా? నిన్న సాయంత్రం ధర్మవరం పోయి, ఒక మగ్గం ముందర కూర్చోని చూసినా."

"నా కోసరం పోయినారా?"

"బస్సు ఖాళీగా ఉండె, పోయినా."

"...సైకిల్ ఇట్లియ్యండి సార్."

కాసేపటికి మలుపు పైనుంచి కేక వినిపించింది.

"సార్! దాటినా!"

"అరవద్దప్పా, తొక్కు!"