టీవీ గదికి తాళం పడకుండా ఆపిన మనిషి

ఆదివారం పొద్దున ఖాదర్ వలి టీ కొట్టు ముందు బల్ల మీద శివరామయ్య కూర్చున్నాడు. యల్లమంద జరిగి చోటిచ్చాడు. అడక్కముందే శివరామయ్య మొదలుపెట్టాడు.

"మొన్న పంచాయతీ ఆఫీసులో మీటింగు జరిగినప్పుడు నువ్వు గురజాలకి మిరపకాయలు తోలుకుపోయావు, చానా పోగొట్టుకున్నావురా. గుంటూరు నుంచి ఒక లెక్చరరమ్మ వచ్చింది. బాగా చదువుకున్న మనిషే, కాదనను. మైకు పట్టుకుని, ఆదివారం మీరు చూసే హిందీ సీరియల్లో కోడలు రోజూ మొగుడికి కాఫీ అందిస్తంది, అది చూసిన ఆడది బానిసవుద్ది, ఈ పంచాయతీ టీవీ గదికి తాళమెయ్యండి, ఇళ్ళల్లో కాఫీ గ్లాసులన్నీ నేలకేసి కొట్టండి అనింది. ప్రెసిడెంటు భయపడి తాళంకప్ప చేతిలోకి తీసుకున్నాడు. వారమంతా చేలో వంగి కాయ కోసే ఆడోళ్ళకి ఉన్నది ఆ ఒక్క గంటే గదా. నేనేమో తెల్లారకముందే లేచి చన్నీళ్ళు పోసుకునే మనిషిని, బీడీ ముట్టని మనిషిని, ఊరుకుంటానా? లేచి, అమ్మా, కాఫీ ఇవ్వడం తప్పు కాదు, తాగి గ్లాసు అక్కడే పడేసి పోవడం తప్పు అన్నా. ఒక్క మాటే."

"చప్పట్లు కొట్టారా మామా?"

"చప్పట్లా? ఆ చప్పుడికి కళ్ళంలో ఆరబోసిన మిరపకాయలు లేచి వాటంతటవే బస్తాల్లో దూకినయి. మాచర్ల బస్సు డ్రైవరు రోడ్డు మధ్యలో ఇంజను ఆపి విన్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆపేసి ఉన్న టీవీ దానంతటదే వెలిగింది. అందులో ఆ కోడలు నన్ను చూసి, కాఫీ కిందపెట్టి, బాబాయ్, నువ్వన్నది నిజం, ఈయన ఒక్కనాడన్నా గ్లాసు కడిగిన పాపాన పోలేదు అని కళ్ళు తుడుచుకుంది."

"హిందీ ఆమె గదా, తెలుగెట్టా వచ్చింది?"

"నా మాట విన్నాక రాకుండా ఎట్టా ఉంటది? మొగుడు సిగ్గుపడి అక్కడికక్కడే గ్లాసు కడిగాడు, అత్తగారు గుడ్డ పెట్టి తుడిచింది. సీరియల్ తీసే ఢిల్లీవాళ్ళు రాసుకున్న కథంతా చించేసి, ఇకమీదట శివరామయ్యగారు చెప్పిందే తీస్తామన్నారు. అటు సాగర్ డ్యాం గేట్లు జానెడు పైకి లేచినయంట. ప్రెసిడెంటు తాళంకప్ప బావిలో పారేశాడు. లెక్చరరమ్మ ముందు వరసలో కూర్చుని సీరియల్ అడిగి మరీ చూసింది. ఆడోళ్ళు హారతిస్తామంటే నేనే వద్దన్నా, మనకు గొప్పలు గిట్టవు గదా."

ఖాదర్ వలి పెద్ద కెటిల్ పొయ్యి మీద నుంచి దించి, గ్లాసుల బుట్టతో సహా శివరామయ్య ముందు పెట్టాడు.

"తాళం ఆపింది మీ ఇంటావిడ శేషారత్నం పిన్ని గదా బాబాయ్, మా జుబేదా అక్కడే ఉంది. సీరియల్ మేం చూస్తాం, చూసినంతసేపు టీలు మా మగాళ్ళు అందిస్తారు, గ్లాసులూ వాళ్ళే కడుగుతారు అని పిన్ని అంటే లెక్చరరమ్మ నవ్వి ఒప్పుకుందంట. మీటింగైనంతసేపూ నువ్వు వెనక వరసలో కునుకు తీస్తన్నావంట గూడా. ఇవాళ వంతు మీ ఇంటిది. సీరియల్ మొదలై చానాసేపయింది, పిన్ని కబురు చేసింది."

శివరామయ్య తల దించకుండానే కెటిల్ అందుకున్నాడు.